లేక్ డిస్ట్రిక్ట్‌లో అమ్మానాన్నతో మూడు రోజులు: ఏ సరస్సులు చూడాల, ఏవి వదిలేయాల?

తిరుచానూరు_తమ్ముడు:

అందరికీ నమస్తే. మాది తిరుచానూరు. అక్కా బావా మాంచెస్టర్‌లో ఉంటారు, ఈ మే ఆఖర్లో అమ్మానాన్నని పిలుచుకోని పోతా ఉండా. వీసాలొచ్చేసినాయి, టికెట్లూ అయిపోయినాయి, ఇంక ఆడికి పోయినాక ఏం చూపించాల అనేదే తేలలేదు. నాన్న జూన్ రెండో వారానికల్లా ఈడుండాల అంటాడు, తోతాపురి కోతలు మొదలైపోతాయి, ఫ్యాక్టరీలోళ్ళు ఏ రేటు కడతారో రోజుకో మాట, తోటకాడ మనిషి లేకపోతే అయ్యే పని కాదు. కాబట్టి తిరిగేదానికి టైం తక్కువ, అందులో మూడు రోజులు లేక్ డిస్ట్రిక్ట్‌కి, అంటే ఇంగ్లండ్ వాయవ్యాన కొండలూ సరస్సులూ ఉండే జాగాకి, అనుకున్నాం.

లండన్ ఎందుకు కాదంటే అమ్మకి వద్దంట. బిల్డింగులు చెన్నైలో చూసినా, నీళ్ళుండే చోటు ఏదన్నా ఉంటే చూపించు అనింది. మా వీధిలో మార్చి నుంచే ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టాల, ఆమె అడిగిందాంట్లో తప్పేముంది.

బావేమో ఒక ఎక్సెల్ షీట్ చేసి పంపినాడు. పదహారు సరస్సుల పేర్లు, మధ్యలో ఎన్ని మైళ్ళు, ఒక్కో దానికాడ ముక్కాల్ గంట, ఫోటో తీసుకో కారెక్కు. చూస్తే బాగానే ఉంది కానీ ఇది టూరా లేకపోతే డ్యూటీనా అని నా డౌటు. ఇంకోటి, కొండల పైన టార్న్ అని చిన్న చిన్న మడుగులు ఉంటాయంట కదా, ఫోటోల్లో నాకు పెద్ద సరస్సుల కంటే అవే నచ్చినాయి, కానీ వాటికి నడిచే పోవాలంటారు. నాన్నకి అరవై మూడు, ఏటా అలిపిరి మెట్లెక్కుతాడు, ఆయనతో ఇబ్బంది లేదు. అమ్మకి మోకాళ్ళ నొప్పి, చదును మీద అయితే నడుస్తాది. అక్కకి రెండేళ్ళ పాప, తోసే బండి ఉంటాది. అందరం శాకాహారులం. పోయొచ్చినోళ్ళు, ఆ పక్క ఉండేవాళ్ళు కొంచిం చెప్పండబ్బా, ఏవి చూడాల, ఏవి వదిలేయాల, కారులోనేనా, వాన సంగతేంది.

పలమనేరు_టు_ప్రెస్టన్:

తమ్ముడూ, ముందు మీ బావని ఆ షీట్ మూసేయమను. నేను గంట దూరంలోనే ఉంటా, చుట్టాలొచ్చినప్పుడల్లా డ్రైవర్ని నేనే. మ్యాప్‌లో సరస్సులన్నీ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి, కానీ మధ్యలో కొండలు నడిమికి చేరి సరస్సులు నాలుగు పక్కలకీ పోయినాయి, ఒక లోయ నుంచి పక్క లోయకి పోవాలంటే పూర్తిగా దిగొచ్చి చుట్టూ తిరిగి మళ్ళీ ఎక్కాల, లేదా కనుమ దాటాల. ఆ షీట్‌లో వాస్ట్‌వాటర్ కూడా ఉండే ఉంటాది, ఇంగ్లండ్‌లో అన్నిటికంటే లోతైన సరస్సు, నిజంగా గొప్పగా ఉంటాది, కానీ అది పడమటి మూల. ఆంబుల్‌సైడ్ నుంచి దగ్గర దారి అని జీపీఎస్ హార్డ్‌నాట్ పాస్ మీదకి తోలతాది, అది మూడడుగులు పోతే ఒకడుగు ఎక్కే రోడ్డు, ఒక్క కారు పట్టే వెడల్పు. మన తిరుమల ఘాట్‌లో ఎక్కే రోడ్డు వేరు దిగే రోడ్డు వేరు కదా, ఆడ అట్లా లేదు, ఎదురొచ్చినోడికి దారివ్వడానికి మలుపులో వెనక్కి తీసుకోవాల. పాపనీ పెద్దోళ్ళనీ కూర్చోబెట్టుకోని ఆ పని వద్దు.

ఇంకో ముఖ్యమైన విషయం, మే చివరి సోమవారం ఆడ బ్యాంక్ హాలిడే, అంటే దేశమంతా సెలవు, ఆ వారమంతా ఇస్కూళ్ళకి సెలవులు. దేశంలో సగం జనం లేక్స్‌లోనే ఉంటారా అనిపిస్తాది, పొద్దున పదికల్లా కార్ పార్కులు నిండిపోతాయి, రూం రేట్లు డబుల్. మీకు వీలుంటే ఆ వారం మాంచెస్టర్‌లో రెస్టు తీసుకోని తర్వాతి సోమవారం బయల్దేరండి. జూన్ మొదట్లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటాది, మధ్యాహ్నం వాన పడినా సాయంత్రం మిగిలే ఉంటాది, దీని విలువ ఆడికి పోతే గానీ తెలీదు.

నా మాట వింటే ఒక్క ఊర్లో మకాం పెట్టండి. దక్షిణాన ఆంబుల్‌సైడ్ లేదా గ్రాస్‌మియర్, ఉత్తరాన కెజిక్. నేనైతే కెజిక్ అంటా. డెర్వెంట్‌వాటర్ ఊరి పక్కనే, బజారు నుంచి నడిచిపోతే ఒడ్డు. చిన్న లాంచీలు సరస్సు చుట్టూ తిరుగుతా ఉంటాయి, రెండు దిక్కులా, ఒక రౌండు యాభై నిమిషాలు. నచ్చిన రేవులో దిగి కొంచిం దూరం ఒడ్డెమ్మడి నడిచి తర్వాతి రేవులో ఇంకో లాంచీ ఎక్కొచ్చు. అమ్మ లాంచీలో, మీ నాన్నా నువ్వూ నడక, మళ్ళీ రేవులో కలుసుకోవచ్చు. ఒకరికోసం ఇంకొకరు ఆగే బాధుండదు.

ఇంకో రోజు అల్స్‌వాటర్. 1859 నుంచి ఆడ బోట్లు నడుపుతా ఉండారు, లేడీ ఆఫ్ ది లేక్ అనే బోటు 1877లో నీళ్ళలోకి దిగింది, ఇప్పటికీ తిరుగుతాది. గ్లెన్‌రిడింగ్‌లో ఎక్కితే పూలీ బ్రిడ్జి దాకా ఒక గంట. సరస్సు మెలికలు తిరిగి ఉంటాది కాబట్టి ఒక్కో మలుపుకీ కొండలు మారిపోతా ఉంటాయి. దగ్గర్లో ఏరా ఫోర్స్ అని జలపాతం కూడా ఉంది, కానీ ఇరవై మీటర్లు, తలకోన చూసిన కళ్ళకి అది ఆనదు, టైం ఉంటేనే పోండి.

మదనపల్లె_మాటకారి:

అంత అవసరం లేదు బ్రో. విండర్‌మియర్ ఒక్కటి చాలు. ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పెద్ద సరస్సు అదే, పదిన్నర మైళ్ళ పొడుగు, దాని ఒడ్డున బోనెస్ అనే ఊర్లో పెద్ద బోటెక్కితే అమ్మ మోకాలు ఒక్క మెట్టు కూడా మడవాల్సిన పనిలేదు, లోపల టీ కూడా అమ్ముతారు. లేక్‌సైడ్ రేవులో దిగితే ఆవిరి రైలుంది, పాపకి అది చాలు. ఎంతమందిని తీసుకుపోయినా చివరికి పెద్దోళ్ళు గుర్తుపెట్టుకునేది హాయిగా కూర్చున్న చోటే, నువ్వు నడిపించి చూపించింది కాదు.

పలమనేరు_టు_ప్రెస్టన్:

మాటకారి అన్న చెప్పిందీ నిజమే, కానీ సెలవు రోజు బోనెస్ రేవులో జనాన్ని చూస్తే గోవిందరాజస్వామి గుడి ముందర బ్రహ్మోత్సవాలప్పుడు నిలబడినట్టే ఉంటాది. ఐస్‌క్రీం క్యూ వేరే. విండర్‌మియర్ చూడాలంటే వీక్‌డే పొద్దున ఫస్ట్ బోటు, లేదంటే ఆంబుల్‌సైడ్ వైపు రేవు నుంచి ఎక్కండి.

పుత్తూరు_పిన్ని:

బాబూ, మా అత్తామామల్ని పోయినేడు తిప్పినా కాబట్టి చెప్తా ఉండా, వయసైనోళ్ళకి ఏం కావాలో ఈ మగోళ్ళకి తెలీదు, బోట్లూ కొండలూ అంటారు గానీ బాత్రూం ఎక్కడుందో ఒక్కరూ చెప్పరు. ఆడ సరస్సుల ఒడ్డునంతా ఉండవు, కార్ పార్కుల్లో, ఊర్లల్లో మాత్రమే ఉంటాయి, కొన్నిట్లో కార్డు గీకితేనే తలుపు తెరుచుకుంటాది. బయల్దేరే ముందు అందరూ పోయి రావాల, అదే రూలు.

మీ అమ్మకి, పాప బండికి, నీ టార్న్ సరదాకి మూడిటికీ సరిపోయేది ఒకటుంది, టార్న్ హౌజ్. కోనిస్టన్‌కీ హాక్స్‌హెడ్‌కీ మధ్యలో. చుట్టూ రెండు మైళ్ళ లోపు, గట్టి దారి, బండి హాయిగా తోసుకోవచ్చు, మధ్యమధ్యలో బెంచీలు. మా అత్తమ్మ ముందు వద్దు వద్దు అనింది, తర్వాత ఆమే ముందర నడిచింది. చూస్తే దేవుడు పెట్టినట్టే ఉంటాది కానీ కాదు, పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి ఎస్టేటాయన జేమ్స్ మార్షల్ అని, చిన్న మడుగుల్ని గట్టుకట్టి ఒకటిగా కలిపి చుట్టూ చెట్లు నాటించినాడు. ఇప్పుడు నేషనల్ ట్రస్ట్ అని, అందమైన జాగాలూ పాత కట్టడాలూ కాపాడే సంస్థ, వాళ్ళది, పార్కింగుకి డబ్బులు, వాళ్ళ మెంబర్లకి ఫ్రీ. మీ అక్కావాళ్ళకి మెంబర్షిప్ ఉందేమో అడుగు, ఆ జాగాల్లో వాళ్ళ పార్కింగులు చాలానే ఉన్నాయి.

ఆడినుంచి దిగితే కోనిస్టన్ వాటర్. మా మామగారికి కొండలకంటే ఆ కథే నచ్చింది, డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే ఆయన నీళ్ళ మీద స్పీడు రికార్డు కోసం బ్లూబర్డ్ అనే బోటు తోలతా 1967 జనవరి 4న అక్కడే పోయినాడు, గంటకి 300 మైళ్ళు దాటినాక బోటు గాల్లోకి లేచి పల్టీ కొట్టింది. ఆ బోటుని 2001లో పైకి తీసినారు, ఇప్పుడు ఊర్లో మ్యూజియంలో ఉంది. మామగారు దాని ముందు నుంచి కదల్లేదు.

తిండి సంగతి. వంటిల్లు ఉండే కాటేజీ తీసుకోండి, హోటల్ వద్దు. పొద్దున పులిహోర కలుపుకోని డబ్బాల్లో పెట్టుకుంటే మధ్యాహ్నం బాధ లేదు, పచ్చడి సీసా మాత్రం గట్టిగా మూత పెట్టు. బయట తినాలంటే జాకెట్ పొటాటో, చీజ్ స్కోన్, వెజ్ సూప్ దొరుకుతాయి, కానీ సూపులో మాంసం స్టాక్ వేసినారా అని ఒకసారి అడగాల, అడిగితే మొహమాటం లేకుండా చెప్తారు. కెజిక్, ఆంబుల్‌సైడ్‌లో మనోళ్ళ రెస్టారెంట్లు ఉన్నాయి. గ్రాస్‌మియర్‌లో 1854 నుంచి చేసే జింజర్‌బ్రెడ్ కొట్టు ఒకటుంది, చిన్న గది, అల్లం ఘాటు రోడ్డు దాకా వస్తాది. దాంట్లో ఏమేం వేస్తారో అడిగి కొనండి, మా అత్తమ్మకి బెల్లం పాకంలా ఉందని నచ్చింది.

అమ్మకి చీర మీద స్వెటర్ చాలు అనుకోవద్దు. తడిసిన కాటన్ ఆరదు, చలి లోపలికి పోతాది. పంజాబీ డ్రెస్సు, లోపల థర్మల్, పైన నీళ్ళు దిగని జాకెట్, జారని బూట్లు. గొడుగు గాలికి తిరగబడతాది, ఇంట్లోనే పెట్టి రండి.

తిరుచానూరు_తమ్ముడు:

పిన్నీ, చాలా థ్యాంక్స్, బాత్రూం పాయింటు అమ్మకి చదివి వినిపించినా, ఆమె ఫస్టుసారి ఈ టూరు మీద నమ్మకం కుదిరింది అనింది 😄

టార్న్ హౌజ్ ఫిక్స్. కానీ నాన్న ఇప్పుడు పట్టుబట్టినాడు, మనిషి కట్టింది కాదు, నిజంగా కొండ మీదుండేది ఒకటి చూడాల, నేను మూడువేల అయిదొందల మెట్లెక్కేవాడ్ని, ఇంగ్లీషోళ్ళ కొండ ఒక లెక్కా అంటా ఉండాడు. యూట్యూబ్‌లో స్టికిల్ టార్న్, రెడ్ టార్న్ అని చూసినాడంట. ఆ నీళ్ళల్లో మునగొచ్చా అని కూడా అడగతా ఉండాడు, కపిలతీర్థంలో మునిగినట్టు అనుకుంటా ఉండాడేమో. ఎవరన్నా ట్రెక్కింగోళ్ళుంటే చెప్పండి.

శేషాచలం_నడక:

నేను ఈ పక్క తుంబుర తీర్థం, నాగలాపురం కొండలు తిరిగేవాడ్ని, తర్వాత రెండేళ్ళు లాంకస్టర్‌లో చదివినప్పుడు సెలవు దొరికితే ఆ కొండలే. కాబట్టి రెండూ తెలుసు.

ముందు టార్న్ అంటే ఏందో నాన్నకి చెప్పు. మన కొండల్లో గుండాలు నీళ్ళు పడి పడి, రాయి అరిగి ఏర్పడినాయి. అక్కడివి మంచు తవ్వినవి. వేల ఏళ్ళు ఆ కొండల మీద మంచు పేరుకోని, కొండ పక్కన ఒక సందులో కూర్చోని, తన బరువుకి తనే కిందికి జారతా వెనక గోడని కోస్తా, అడుగుని గుంత చేస్తా, ముందర గట్టులాగ రాళ్ళు వదిలిపెట్టింది. సుమారు పది పదకొండు వేల ఏళ్ళ కింద మంచు పూర్తిగా కరిగిపోతే ఆ గుంతలో నీళ్ళు నిలిచినాయి. అందుకే మంచి టార్న్‌లకి మూడు పక్కలా నిలువు గోడ, ఒక పక్క తెరుపు ఉంటాది, ఆ తెరుపులోంచి ఒక వాగు కిందికి దూకతాది. కింద లోయల్లో పొడుగ్గా పడుకోనున్న సరస్సులూ అదే మంచు పనే, కాకపోతే అది లోయ పొడుగునా పారిన మంచు.

ఇక మెట్ల లెక్క. ఇంగ్లండ్‌లో అన్నిటికంటే ఎత్తైన కొండ స్కాఫెల్ పైక్ 978 మీటర్లు. మన హార్స్‌లీ హిల్స్ 1,200 మీటర్లు పైనే. కాబట్టి నెంబర్ చూసి నవ్వడం సులువు. కానీ అలిపిరి దారిలో పైన కప్పుంది, నీళ్ళున్నాయి, పక్కన కొట్లున్నాయి, తప్పిపోతే వెయ్యి మంది చూపిస్తారు. అక్కడ దారి అంటే తడి రాళ్ళు, బురద, కొన్నిచోట్ల దారే వాగు. చెట్లు ఉండవు, గాలి నేరుగా తగులుతాది, కింద ఎండ ఉన్నప్పుడు పైన మబ్బు దిగి పది అడుగులు కనపడదు. ఎక్కేది ఊపిరి సమస్య, దిగేది మోకాలి సమస్య, అరవై దాటినోళ్ళకి రెండోదే అసలు పరీక్ష.

రెడ్ టార్న్ వద్దు. హెల్వెల్లిన్ కొండ కింద 700 మీటర్లు దాటిన ఎత్తులో ఉంటాది, దాని పక్కన స్ట్రైడింగ్ ఎడ్జ్ అని కత్తి అంచులాంటి దారి, ఆడ మనుషులు పడి చనిపోతానే ఉంటారు. టార్న్ దాకా పోయినోడికి ఆ అంచు కనిపించినాక కాలాగదు.

స్టికిల్ టార్న్ అందమే, వెనకాల పేవీ ఆర్క్ అని నల్లటి గోడ నీళ్ళలో పడుంటాది. గ్రేట్ లాంగ్‌డేల్‌లో కార్ పార్కు నుంచి దూరం ఒక మైలే, కానీ ఆ మైలంతా నిట్టనిలువు, రాతి మెట్లు, ఒకటి రెండు చోట్ల చేతులానించాల. నువ్వొక్కడివే అయితే పో. ఇంకోటి, నాన్నకి మనిషి కట్టింది వద్దంటే అదీ కొంచిం కట్టిందే, కింద ఎల్టర్‌వాటర్‌లో తుపాకీ మందు ఫ్యాక్టరీకి నీళ్ళ కోసం పందొమ్మిదో శతాబ్దంలో చిన్న ఆనకట్ట వేసినారు.

నాన్నకి నేను చెప్పేది ఈజ్‌డేల్ టార్న్. గ్రాస్‌మియర్ ఊర్లోంచే నడక మొదలు, రెండు రెండున్నర మైళ్ళు, సోర్ మిల్క్ గిల్ అనే తెల్లటి జలపాతం పక్కనే ఎక్కతా పోతాం, పైకి పోయేదాకా టార్న్ కనపడదు, చివరి గట్టు ఎక్కినాక ఒక్కసారిగా తెరుచుకుంటాది. నిదానంగా పోతే పోయి రావడానికి నాలుగు గంటలు పెట్టుకోండి. ఆ టైంలో అమ్మా అక్కా పాపా గ్రాస్‌మియర్ ఊర్లో ఉండొచ్చు, మన ఇంగ్లీష్ వాచకంలో పద్యాలుంటాయే, ఆ వర్డ్స్‌వర్త్ కవి ఇల్లు ఆడే.

మునిగేది మాత్రం గట్టిగా ఆపు. నిషేధం అని కాదు, చాలాచోట్ల అక్కడోళ్ళు ఈదుతారు. కానీ జూన్‌లో కూడా ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయంటే ఒక్కసారి దిగితే ఊపిరి తనంతట తనే ఎగబీల్చుకుంటాది, ఆ క్షణంలో నోరు నీళ్ళలో ఉంటే అయిపోయింది, ఈత బాగా వచ్చినోళ్ళే పోయేది అందుకే. పాదాలు తడుపుకోమను. ఎండలు బాగా కాస్తే కొన్ని సరస్సుల్లో, విండర్‌మియర్‌లో కూడా, నీలాకుపచ్చ నాచు తేలుతాది, బోర్డు పెట్టి ఉంటే పాపని అంచుకి కూడా పోనివ్వద్దు. రిజర్వాయర్లు, అంటే థర్ల్‌మియర్, హాజ్‌వాటర్, వాటిల్లో ఈత అసలు కుదరదు.

పోయేముందు లేక్ డిస్ట్రిక్ట్ వెదర్‌లైన్ చూడాల, ఊరి వాతావరణం కాదు, కొండ పైన ఎట్లుంటాదో వేరుగా చెప్తారు. ఓఎస్ మ్యాప్, అంటే వాళ్ళ సర్కారు సర్వే మ్యాప్, కాగితంది కొనుక్కో, ఫోన్ సిగ్నల్ ఆ లోయల్లో పోతా వస్తా ఉంటాది. ఏదన్నా అయితే 999, అంటే ఆడి ఎమర్జెన్సీ నెంబరు, కొట్టి ముందు పోలీస్ అడగాల, తర్వాత మౌంటెన్ రెస్క్యూ కావాలనాల. వచ్చేవాళ్ళంతా వాలంటీర్లు, పైసా అడగరు. దారిలో గేట్లు తీస్తే మళ్ళీ వేయాల, గొర్రెలుంటాయి. హెర్డ్‌విక్ అనే అక్కడి జాతి, పిల్లలు నల్లగా పుట్టి పెరిగేకొద్దీ బూడిద రంగుకి తిరుగుతాయి, జూన్‌లో మీకు నల్ల పిల్లలే కనిపిస్తాయి, మీ అక్క పాప ఎటూ కదలదు ఇంక.

రిటైర్డ్_ఇరిగేషన్_చిత్తూరు:

బాబూ, అందరూ అందాల గురించే రాస్తున్నారు, నీళ్ళ గురించి నేను రాస్తాను. ఉద్యోగమంతా చెరువు గట్ల మీదే గడిచింది, మా అబ్బాయి దగ్గరికి పోయినప్పుడు మిగతావాళ్ళు బోటెక్కితే నేను ఆనకట్టలు చూసొచ్చాను.

మీ అక్కగారింట్లో కొళాయి తిప్పితే వచ్చే నీళ్ళలో కొంత ఆ కొండలవే. మాంచెస్టర్‌లో బట్టల మిల్లులు పెరిగి జనం పెరిగి నీళ్ళు చాలకపోతే, కార్పొరేషన్ వాళ్ళు పోయి థర్ల్‌మియర్ సరస్సుకి ఆనకట్ట వేసి నీటిమట్టం పెంచారు. అక్కడినుంచి 96 మైళ్ళ కాలువ, సొరంగాలూ పైపులూ కలిపి, దారిలో ఒక్క పంపు లేదు, మొత్తం వాలు మీదే పారుతుంది. 1894లో నీళ్ళు ఊరికి చేరాయి. ఆ కాలంలో లెవెల్స్ ఎంత జాగ్రత్తగా తీసి ఉంటారో ఈ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. మనకు కల్యాణి డ్యాం కాని, కొండ మీద గోగర్భం, పాపవినాశనం కాని, ఊరికి కూతవేటు దూరంలోనే ఉన్నాయి, అయినా వేసవి వస్తే అందరం ఆకాశం వైపు చూస్తాం.

దానికి అక్కడ గొడవ కూడా బాగా జరిగింది. మా సరస్సు మీకెందుకివ్వాలని 1870ల్లోనే సంఘం పెట్టి కొట్లాడారు, ఓడిపోయారు. ఆ ఓటమి చూసిన రాన్స్‌లీ అనే పాదిరీ తర్వాత ఇంకో ఇద్దరితో కలిసి 1895లో నేషనల్ ట్రస్ట్ పెట్టాడు. మీ పిన్నిగారు చెప్పిన పార్కింగ్ డబ్బులు పోయేది ఆ సంస్థకే.

రెండోది హాజ్‌వాటర్. అక్కడ మార్డేల్ అని ఊరుండేది. మాంచెస్టర్ కోసమే మళ్ళీ ఆనకట్ట, 1930ల్లో ఊరు ఖాళీ చేయించారు, చర్చి పడగొట్టారు, సమాధుల్లో వాళ్ళని తీసి షాప్ అనే ఊర్లో మళ్ళీ పూడ్చారు. బాగా కరువొచ్చిన వేసవిలో మట్టం దిగితే ఊరి గోడలు, చిన్న వంతెన బయటపడతాయి, జనం ఎగబడి చూస్తారు. మన సోమశిల, కండలేరు ముంపు ఊర్ల వాళ్ళని ఎవరినైనా అడిగితే ఆ గోడలు చూడ్డానికి పోవాలా వద్దా అనేది వాళ్ళు చెప్తారు. నాకు మనసొప్పక ఆనకట్ట చూసి వెనక్కొచ్చాను.

వాన గురించి అడిగావు. బారోడేల్‌లో సీత్‌వెయిట్ అని నాలుగిళ్ళ పల్లె, ఏడాదికి 3 మీటర్ల పైన వాన. మన చిత్తూరుకి దాంట్లో మూడో వంతు కూడా రాదు. 2015 డిసెంబర్‌లో తుపానొచ్చినప్పుడు దాని దగ్గరే హోనిస్టర్ కనుమలో ఒక్క 24 గంటల్లో 341.4 మిల్లీమీటర్లు పడింది, బ్రిటన్ రికార్డు అది. 2021 నవంబర్‌లో రాయలచెరువు గట్టు దగ్గర రాత్రంతా ఇసుక బస్తాలు మోసినవాళ్ళకి ఆ అంకె ఏమిటో అర్థమవుతుంది. మీరు పోయే నెల అంత భయం లేదు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా అక్కడ కాస్త పొడి కాలమే, కానీ జాకెట్ లేకుండా మాత్రం గడప దాటొద్దు.

ఎస్వీయూ_నుంచి_లీడ్స్‌కి:

కారు లేనోడిగా నా రెండు మాటలు. మేం స్టూడెంట్స్ ట్రైన్‌లోనే పోతాం, మాంచెస్టర్ నుంచి ఆక్సెన్‌హోమ్, ఆడ మారితే చిన్న బ్రాంచ్ లైన్ విండర్‌మియర్ దాకా, ఇరవై నిమిషాలు. స్టేషన్ ఎదురుగానే ఆరెస్ట్ హెడ్ అని చిన్న గుట్ట, అరగంట ఎక్కితే విండర్‌మియర్ సరస్సు మొత్తం కింద పడుకోని ఉంటాది, ఫ్రీ. తర్వాత 555 బస్సు, ఆంబుల్‌సైడ్, గ్రాస్‌మియర్, థర్ల్‌మియర్ పక్కనుంచి కెజిక్ దాకా పోతాది, డబుల్ డెక్కర్ పైన ముందు సీటు దొరికితే అదే ఒక టూర్. 2025 జనవరి నుంచి ఒక్క ప్రయాణానికి 3 పౌండ్లు మించకుండా రూల్ పెట్టినారు, కాబట్టి దూరం పోయినా బాధ లేదు. పాప బండి మడవాల్సి రావచ్చు అంతే. కారున్నా ఒక రోజు బస్సులో పోండి, డ్రైవింగ్ చేసే బావ కూడా కిటికీలోంచి చూడాలి కదా పాపం.

తిరుచానూరు_తమ్ముడు:

అందరికీ పెద్ద దండం. నాన్నకి థర్ల్‌మియర్ కథ చదివి వినిపిస్తే టార్న్ మర్చిపోయి ఆ కాలవ ఎట్లా పారతాదో గూగుల్ చేయమన్నాడు. బావ అలిగి షీట్‌లోంచి పదకొండు పేర్లు కొట్టేసినాడు.

ఇప్పటికి ప్లాన్ ఇది: సోమవారం పొద్దున మాంచెస్టర్ నుంచి బయల్దేరి దారిలో కోనిస్టన్, టార్న్ హౌజ్, సాయంత్రానికి కెజిక్ కాటేజీ. మంగళవారం పొద్దున డెర్వెంట్‌వాటర్ లాంచీ, మధ్యాహ్నం హోనిస్టర్ మీదుగా బటర్‌మియర్. బుధవారం అల్స్‌వాటర్ బోటు, తర్వాత గ్రాస్‌మియర్‌కి వచ్చి నేనూ నాన్నా ఈజ్‌డేల్ టార్న్, రాత్రికి మాంచెస్టర్. ఓకేనా? అమ్మ ఇంకోటి అడగమనింది, టార్న్ నీళ్ళు తేటగా ఉంటాయి కదా, సీసాలో పట్టుకోని తాగొచ్చా అని.

శేషాచలం_నడక:

తాగొద్దు. పైన ఎక్కడో గొర్రె చచ్చి పడుంటాది, కనపడదు. మరగబెట్టకుండా ఎంత తేటగా ఉన్నా వద్దు. ఇంటి కొళాయి నీళ్ళే ఫ్లాస్కులో పట్టుకోని పోండి, పెద్దాయన చెప్పినట్టు అవీ ఆ కొండల్లోవే.

బుధవారం ప్లాన్ పగిలిపోతాది. అల్స్‌వాటర్ బోటు పోయి రావడానికే సగం రోజు, తర్వాత ఈజ్‌డేల్‌కి నాలుగు గంటలు, ఆపైన రెండు గంటల డ్రైవింగ్, నాన్న కాళ్ళు పట్టుకుంటాయి. ఏదో ఒకటి తీసేయ్.

పుత్తూరు_పిన్ని:

అల్స్‌వాటర్ తీసేయ్ బాబూ. మంగళవారం లాంచీ ఉంది, సోమవారం కోనిస్టన్ ఉంది, అమ్మకి నీళ్ళు సరిపోతాయి. బుధవారం పొద్దున్నే తొమ్మిదికల్లా గ్రాస్‌మియర్ చేరితే పార్కింగ్ దొరుకుతాది, మీరిద్దరూ పైకి పోయి ఒంటిగంట రెండుకల్లా దిగొస్తారు, మేం కింద ఊర్లో భోజనం రెడీ పెట్టుకుంటాం అన్నట్టు అమ్మా అక్కా పులిహోర డబ్బా విప్పుతారు.

పలమనేరు_టు_ప్రెస్టన్:

పిన్ని చెప్పిందే కరెక్టు, నేను చెప్పిన అల్స్‌వాటర్‌ని నేనే వదులుకుంటా ఉండా 😅 ఒక్కటే మార్పు, మంగళవారం పొద్దున మబ్బు కిందికి దిగుంటే హోనిస్టర్ మీదుగా పోవద్దు, విన్‌లాటర్ కనుమ వైపు నుంచి బటర్‌మియర్‌కి పోండి, కొంచిం చుట్టు గానీ రోడ్డు వెడల్పు. బటర్‌మియర్ చుట్టూ నాలుగున్నర మైళ్ళు, దాదాపు చదునే, కానీ అమ్మకి మొత్తం వద్దు, ఊర్లోంచి ఒడ్డుదాకా నడిచి ఆడ కూర్చుంటే చాలు. కారు మాత్రం ఆటోమేటిక్ బుక్ చెయ్యమను బావని, ఇప్పుడే చెయ్యాల, జూన్‌కి దగ్గరపడేకొద్దీ దొరకవు.